సరిహద్దు పక్కన కాపురం

చి. ల. సౌ. సింధుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడుగారికి స్విట్జర్లాండ్‌లో, జర్మనీ, ఫ్రాన్స్ సరిహద్దున ఉన్న బాసెల్‌లో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషించాను. ఆ వెనకే నీ మెసేజ్ కూడా వచ్చింది. "పెద్దమ్మా, బాసెల్‌లో అద్దెలు మండిపోతున్నాయట, ట్రామ్ ఎక్కితే జర్మనీయే అంటున్నారు, ఇల్లు అక్కడ తీసుకుంటే సరిపోదా?" అని. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఇల్లు సంగతి. కుదరదమ్మా. స్విట్జర్లాండ్‌లో పనిచేస్తూ పక్క దేశంలో కాపురం ఉండేవాళ్ళు సుమారు 4 లక్షల మంది ఉన్నారన్నది నిజమే. వాళ్ళకి 'జి' పర్మిట్ అని ఒకటి ఇస్తారు. అయితే వాళ్ళలో ఎక్కువమంది ఫ్రెంచి, జర్మన్, ఇటలీ పాస్‌పోర్టుల వాళ్ళు. మన పాస్‌పోర్టుతో అది కావాలంటే ఆ పక్క దేశంలో శాశ్వత నివాస హక్కు ముందే ఉండాలి, సరిహద్దు ప్రాంతంలో కనీసం ఆరు నెలలుగా నివాసం కూడా ఉండాలి. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి అది అయ్యే పని కాదు. ఆఫీసులో పక్క సీటాయన రోజూ ఫ్రాన్స్‌లోని సాన్-లూయీ నుంచి సైకిల్ మీద వచ్చిపోతూ "మీరూ అక్కడ తీసుకోండి, చవక" అని మంచి మనసుతోనే చెబుతాడు. ఆయన పాస్‌పోర్టు వేరు, మనది వేరు. మీ ఇద్దరి పర్మిట్లూ స్విస్ చిరునామాకి ముడిపడి ఉంటాయి. కాబట్టి ఇల్లు బాసెల్ చుట్టుపక్కలే వెతకండి.

ఇక్కడ మనిషికో రూలు, సంచికో రూలు, ఫోనుకో రూలు. కొత్తగా వచ్చినవాళ్ళు మూడింటినీ కలిపేసుకుని తికమకపడతారు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. కానీ 2008 డిసెంబరు నుంచి షెంగెన్‌లో, అంటే ఒకదాన్నుంచి ఒకదానికి మామూలుగా పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరిగే దేశాల కూటమిలో ఉంది. అందుకని మనుషులు దాటుతుంటే మామూలుగా ఎవరూ ఆపరు. 8వ నంబరు ట్రామ్ 2014 చివరి నుంచి జర్మనీలోని వైల్ ఆమ్ రైన్ దాకా వెళ్తోంది, 3వ నంబరు 2017 చివరి నుంచి సాన్-లూయీ స్టేషన్ దాకా. దేశం మారిందని దుకాణాల బోర్డులు చూస్తే తప్ప తెలియదు. కానీ యూనియన్ సుంకాల వ్యవస్థలో స్విట్జర్లాండ్ లేదు కాబట్టి మనిషిని వదిలేసినా సంచిని మాత్రం అడుగుతారు.

మనిషిని అసలు అడగరని కూడా అనుకోకు. 2023 అక్టోబరు నుంచి జర్మనీ ఈ సరిహద్దులో మళ్ళీ తనిఖీలు పెట్టింది. పోలీసులు ట్రామ్ ఎక్కి చూస్తుంటారు, చూసేటప్పుడు మనలాంటి మొహాలు వాళ్ళ కంటికి త్వరగా ఆనుతాయని వేరే చెప్పక్కర్లేదు. కోపం తెచ్చుకోకుండా పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ చూపించు. ఫోన్‌లో ఫొటో చెల్లదు. పాలప్యాకెట్ కోసం వెళ్ళినా అసలువి బ్యాగులో ఉండాల్సిందే. మీరు వచ్చిన కొత్తలో ఎంట్రీ వీసా గడువు అయిపోయి, పర్మిట్ కార్డు ఇంకా చేతికి రాకపోతే, కార్డు వచ్చేదాకా దాటకండి. ట్రామ్ తీసుకెళ్ళడానికి తీసుకెళ్తుంది, వెనక్కి రావడానికి చూపించే కాగితం మీ దగ్గర ఉండదు.

ఇప్పుడు బజారు సంగతి. నీ అసలు ఆసక్తి ఇక్కడే ఉందని నాకు తెలుసు.

జర్మనీలో వ్యాట్ 19 శాతం, తిండి సరుకుల మీద 7. స్విట్జర్లాండ్‌లో 8.1, తిండి మీద 2.6. పన్ను తక్కువున్నచోట సరుకు చవగ్గా ఉండాలి కదా? కాదు. ఇక్కడ జీతాలు ఎక్కువ, అద్దెలు ఎక్కువ, ఇక్కడి డబ్బు ఫ్రాంకు బలం ఎక్కువ. దాంతోపాటు స్విస్ రైతుని కాపాడటానికి మాంసం, పాల సరుకుల మీద గట్టి సుంకాలున్నాయి. యూరో విలువని 1.20 ఫ్రాంకుల కంటే కిందికి పోనివ్వనన్న మాటని 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు వదిలేసింది. ఒక్క రోజులో ఫ్రాంకు ఎగిసింది, జర్మనీ సరుకు మనకి ఇంకా చవకైంది. ఆ వారాంతం నుంచి జర్మనీ వైపు దుకాణాల్లో స్విస్ నంబరు ప్లేట్ల కార్లే. మన కాకినాడ వాళ్ళు పెట్రోలుకీ ఇంకోదానికీ యానాం వెళ్ళొచ్చినట్టే, ఇక్కడ షాంపూకీ చికెన్‌కీ వైల్ వెళ్ళొస్తారు.

రోజుకి మనిషికి 150 ఫ్రాంకుల విలువ దాకా పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. 2024 చివరిదాకా ఇది 300 ఉండేది, 2025 జనవరి 1 నుంచి సగానికి తగ్గించారు. పాత లెక్క చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, వినకు. మీ ఇద్దరూ కలిసి వెళ్తే 300 అవుతుంది. కానీ ఒకే వస్తువు ఖరీదు 150 దాటితే దాన్ని ఇద్దరి మధ్య పంచలేరు. ఇంకో మెలిక ఉంది. 150 దాటితే పైన ఉన్న ముక్క మీదే పన్ను అనుకుంటారు. మొత్తం మీద కట్టాలి.

అలాగని 149 దగ్గర ఆగిపోవాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. సరుకు విలువ 200 ఫ్రాంకులు అయిందనుకో. మామూలు రేటున కట్టేది సుమారు 16 ఫ్రాంకులు. అదే బిల్లులో జర్మనీ పన్ను దాదాపు 32 వరకూ ఉంటుంది, దాన్ని వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. కట్టాక కూడా లాభమే. క్విక్‌జోల్ అని స్విస్ కస్టమ్స్ వాళ్ళ యాప్ ఉంది. సరిహద్దు దాటకముందే అందులో నమోదు చేసి, కార్డుతో కట్టేసి, రశీదు పెట్టుకుంటే ఎవరైనా ఆపినా నిమిషంలో అయిపోతుంది. ఆ 16 ఫ్రాంకులు మిగుల్చుకుందామని సంచి అడుగున దాచేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. దొరికితే పన్నుతో పాటు జరిమానా కూడా పడుతుంది.

విలువ లెక్క వేరు, బరువు లెక్క వేరు. మాంసం మనిషికి రోజుకి ఒక్క కిలో. ఆపైన కిలోకి 17 ఫ్రాంకుల సుంకం, అంటే జర్మనీలో కొన్న ధర కంటే సుంకమే ఎక్కువ కావచ్చు. నీ సంచి మొత్తం 40 ఫ్రాంకులే అయినా, రెండో కిలో చికెన్ ఉంటే సుంకం కట్టాల్సిందే. వెన్న, క్రీము కలిపి కిలో. నూనెలు 5 లీటర్లు. అల్లుడుగారికి అలవాటుంటే, వైను, బీరు లాంటివి 5 లీటర్లు, ఘాటువి ఒక లీటరు. బియ్యానికీ పప్పులకీ బరువు పరిమితి లేదు, విలువలో కలిస్తే చాలు.

పన్ను వెనక్కి రావడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, చాలామంది దీన్ని సగం తెలుసుకుని సగంలో వదిలేస్తారు. ఒకే బిల్లు 50 యూరోలు దాటాలి. కౌంటర్ దగ్గర 'ఆస్‌ఫూర్‌షైన్' (ఎగుమతి చీటీ) అని అడిగితే చాలు, పచ్చ చీటీ ఇస్తారు. అందులో మీ పేరు, స్విస్ చిరునామా రాయాలి. వచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర జర్మన్ కస్టమ్స్ ఆఫీసులో సరుకు, పర్మిట్ చూపించి ముద్ర వేయించుకోవాలి. మళ్ళీ వెళ్ళినప్పుడు అదే దుకాణంలో ఆ చీటీ ఇస్తే డబ్బు ఇస్తారు. షాపింగ్ అవ్వగానే ట్రామ్‌లో కునుకు తీస్తూ ఇంటికొచ్చేస్తే ముద్ర ఉండదు, ముద్ర లేని చీటీకి డబ్బు రాదు. ఇంకోటి, 19 శాతం అంటే వందకి 19 వస్తాయని ఆశపడకు. 119 యూరోల బిల్లులో 19 పన్ను. తిండి సరుకులైతే 107లో 7. ఆ ఏడు యూరోల కోసం శనివారం క్యూలో నిలబడటం నాకైతే దండగ అనిపిస్తుంది. సబ్బులు, డైపర్లు, వంటపాత్రలు కొన్నప్పుడు మాత్రం అడుగు. ఫ్రాన్స్‌లో ఇదే పనికి 100 యూరోలు దాటాలి, అందుకని ఆ వైపు ఈ చీటీల కోసం పెద్దగా ఎవరూ వెళ్ళరు.

కార్డు గీకేటప్పుడు మెషీన్ "ఫ్రాంకులా, యూరోలా" అని అడిగితే యూరోలే నొక్కు. ఫ్రాంకులు నొక్కితే వాళ్ళు వేసే రేటు మనకి నష్టం. ఆదివారం జర్మనీలో దుకాణాలు మూసేస్తారు. శనివారం కాలు పెట్టే సందు ఉండదు. స్విట్జర్లాండ్‌లో సెలవై జర్మనీలో సెలవు కాని రోజులు, ముఖ్యంగా ఆగస్టు 1, శనివారం కంటే ఘోరం. నెలకోసారి, వారం మధ్యలో, సాయంత్రం వెళ్ళడం మేలు.

అన్నీ అక్కడే కొనాలన్న పిచ్చి మాత్రం పెట్టుకోకు. కరివేపాకు, మునక్కాడలు శ్రీలంక తమిళుల దుకాణాల్లో బాసెల్‌లోనే దొరుకుతాయి. 1980ల నుంచి యుద్ధం వల్ల ఇక్కడికి వచ్చి స్థిరపడిన వాళ్ళ వల్లే మన వంటింట్లో సాంబారు ఉడుకుతోంది. ఇంకో కారణం కూడా ఉంది. 2020 మార్చిలో కరోనాకి సరిహద్దులు మూశారు. ఇటు స్విట్జర్లాండ్‌లోని క్రొయిట్స్‌లింగెన్, అటు జర్మనీలోని కాన్‌స్టాన్స్ ఊళ్ళ మధ్య ఇనుప కంచెలు వేస్తే, అటూ ఇటూ ఉన్న జంటలు కంచె దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. దాటే అనుమతి ఉన్నవాళ్ళు కూడా ఆ వంకతో సరుకులు కొనుక్కొస్తే 100 ఫ్రాంకుల జరిమానా. జూన్ మధ్యలో గానీ తెరవలేదు. అందుకే ఇంటి దగ్గర ఒక కొట్టు, ఒక మందుల షాపు, ఒక డాక్టరు ఉండేలా చూసుకో. జర్మనీలో డాక్టరు చవకని వెళ్తే, అత్యవసరమైతే తప్ప ఇక్కడి ఆరోగ్య బీమా ఆ ఖర్చు ఇవ్వదు.

ఫోను గురించి. యూరోపియన్ యూనియన్‌లో ఉన్న ఉచిత రోమింగ్ స్విట్జర్లాండ్‌కి వర్తించదు. బాసెల్‌లో సరిహద్దుని ఆనుకున్న క్లైన్‌హ్యూనింగెన్ లాంటి చోట్ల ఇంట్లో సోఫాలో కూర్చున్నా ఫోను జర్మన్ టవర్‌ని పట్టుకుంటుంది. యూరప్ రోమింగ్ కలిసిన ప్లాన్ తీసుకో, లేదా ఇంట్లో రోమింగ్ ఆపెయ్.

విమానాశ్రయం ఇంకో వింత. బాసెల్ ఎయిర్‌పోర్టు ఉన్నది ఫ్రాన్స్ నేల మీద. 1949లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకుని కలిసి నడుపుతున్నాయి. బయటికి వచ్చే దారులు రెండు. స్విస్ బోర్డున్న వైపే రండి. అక్కణ్ణించి 50వ నంబరు బస్సు నేరుగా బాసెల్ స్టేషన్‌కి వస్తుంది.

చివరగా సూట్‌కేసులు. జర్మనీ నుంచి తెచ్చే సరుకుకి ఉన్న వెసులుబాటు ఇండియా నుంచి తెచ్చేవాటికి లేదు. యూరప్ బయటి దేశాల నుంచి మాంసం, పాల సరుకులు తేవడం నిషేధం. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి పెట్టొద్దు. ఆకుకూరలు, కరివేపాకు, మామిడిపళ్ళు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు సీలు వేయించి తెచ్చుకోండి. తర్వాత మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడూ ఇదే రూలు. వాళ్ళకి స్విస్ వాళ్ళిచ్చే షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీదైనా మీతో వైల్‌కి, సాన్-లూయీకి రావచ్చు, షెంగెన్ లోపలే తిరుగుతున్నారు కాబట్టి ఆ ఎంట్రీ ఖర్చవదు.

సామాను సర్దుకున్నాక మీరొచ్చిన వారంలో, కాగితాలన్నీ సరిగ్గా ఉంటే, మంగళవారమో బుధవారమో ముగ్గురం వెళ్దాం. పచ్చ చీటీ నింపడం, ముద్ర ఎక్కడ వేస్తారో అన్నీ చూపిస్తాను. నెయ్యి సంగతి మాత్రం మీ అమ్మకి నువ్వే చెప్పు, నేను చెబితే వినదు.

ఇట్లు
మీ పెద్దమ్మ
బాసెల్