ద్విభాషా నగరమా, దుబాసి నగరమా?

సందేహం: గురువుగారికి నమస్కారాలు. మాది నల్గొండ జిల్లా దేవరకొండ. ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. బెల్జియం గురించిన పాఠంలో ఆ దేశ రాజధాని బ్రస్సెల్స్‌లో ఫ్రెంచి, డచ్చి రెండూ మాట్లాడతారని ఉంది. పిల్లలకు తెలుగులో వివరిస్తూ నల్లబల్ల మీద ‘ద్విభాషి నగరం’ అని రాశాను. మా తెలుగు మాస్టారు చూసి, అది తప్పు, ‘ద్విభాషా నగరం’ అని రాయాలన్నారు. ఏది సరైనది? ద్విభాషి, దుబాసి ఒకటేనా? మన హైదరాబాదును కూడా అలా అనవచ్చునా?
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

సమాధానం: అమ్మా, మీరు రాసింది తప్పు కాదు. మీ మాస్టారు రాయమన్నదీ తప్పు కాదు. ఇలా అంటే ఇద్దరికీ తృప్తి ఉండదని తెలుసు, అయినా ఉన్నమాట చెప్పాలి కదా.

వ్యాకరణం సంగతి త్వరగా తేల్చేస్తాను. ద్విభాషి నకారాంత శబ్దం. నపుంసకలింగంలో కూడా ‘ద్విభాషి’ అనే నిలుస్తుంది. కనుక ‘రెండు భాషలు పలికే నగరం’ అన్న అర్థంలో మీ మాటను సంస్కృతం కాదనదు. కాదనేది లోకజ్ఞానం. నగరం పలకదు, అందులోని మనుషులు పలుకుతారు. మాస్టారి మాటకూ ఒక చిక్కు ఉంది. ‘రెండు భాషలు కలది’ అని బహువ్రీహి చెబితే, ‘సభార్యుడు’లో భార్యకు దీర్ఘం పోయినట్టే ఇక్కడ భాషకూ పోవాలి. ‘ద్విభాష నగరం’ కావాలి. పట్టుదల గల పండితుడెవరైనా ఉంటే ఆ దీర్ఘం చూసి కళ్ళెర్రజేస్తాడు. కాని 1968 జాతీయ విద్యావిధానం నాటి నుంచి ‘త్రిభాషా సూత్రం’ అని అందరి నోళ్ళలో దీర్ఘంతోనే నలుగుతోంది. రెండు భాషల యొక్క నగరమని తత్పురుషం చెప్పుకొని సరిపెట్టుకోవచ్చు. ‘ఉభయభాషా నగరం’ అన్నా బాగుంటుంది. ద్వి అన్నది లెక్క మాత్రమే చెబుతుంది. ఉభయ అంటే మనకు ముందే తెలిసిన ఆ రెండూ అని. ఉభయభాషా ప్రవీణులకు ఆ రెండూ ఏవో ఎవరూ వివరించనక్కరలేదు, సంస్కృతమూ తెలుగూ.

ఇక దుబాసి. మీ ఉత్తరాన్ని దొంతరలోంచి పైకి తీసింది ఈ మాట కోసమే.

ఆ మధ్య ఒక డిగ్రీ విద్యార్థిని దుబాసి అంటే ఏమిటని అడిగాను. ‘దుబాయిలో పనిచేసేవాడు సార్’ అన్నాడు. నేను నవ్వలేదు. బొంబాయికీ దుబాయికీ వలస వెళ్ళినవాళ్ళ ఇళ్ళ నడుమ పెరిగిన పాలమూరు పిల్లవాడు. తనకు తెలిసిన లోకంలోంచి వ్యుత్పత్తి చెప్పాడు. తప్పు అతనిది కాదు, ఆ మాటను పత్రికల్లోంచి తరిమేసినవారిది. పరదేశపు నాయకుడు వచ్చినప్పుడు మన ప్రధానమంత్రి పక్కన కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసే మనిషి ఉంటాడు. ఆయనను పత్రికలవారు ‘అనువాదకుడు’ అంటారు. టీవీల వారికి ఆ మాత్రం ఓపిక కూడా లేదు, ‘ట్రాన్స్‌లేటర్’ అంటారు. అనువాదకుడు కాగితం ముందు కూర్చుంటాడు, నచ్చకపోతే కొట్టివేసి మళ్ళీ రాస్తాడు. దుబాసి ఇద్దరు మనుషుల మధ్య కూర్చుంటాడు. నిఘంటువు తిరగేసే తీరిక ఆయనకు లేదు, నోరు జారితే దిద్దుకునే వీలూ లేదు. రెండు వేర్వేరు పనులకు మనకు రెండు మాటలు ఉండగా ఒకదాన్ని పారేసుకుని, రెండోదానితో రెండు పనులూ చేయిస్తున్నాం.

మాట పుట్టుక చూడండి. భాషకు వికృతి బాస. ఎదుటివారికిచ్చిన మాట కూడా బాసే. బాస చేశాడు, బాస తప్పాడు అంటాం. ద్వికి ప్రాకృతాల్లో దు, దో అనే రూపాలున్నాయి. ఆ దారిన వస్తే దుబాసి శుద్ధమైన తద్భవం, ద్విభాషికి వికృతి. కాని హిందుస్తానీలో దుభాషియా అనే మాట ఉంది. పారసీకంలో రెండును ‘దో’ అనే అంటారు. అది సంస్కృతపు ద్వికి దాయాది. బజారు దారిన వచ్చిందంటే అన్యదేశ్యం అవుతుంది. ఏ దారిన వచ్చిందో తేల్చమని నన్ను నిలదీయకండి. ఒకే ముంగిట్లోకి రెండు బాటలు ఉన్నప్పుడు వచ్చినవాడి కాలి దుమ్ము చూసి ఎంతని చెప్పగలం?

ఈ ‘దు’ మన ఇళ్ళల్లో ఎన్నిచోట్ల నక్కి ఉందో మీ పిల్లలకు చూపించండి. రెండు పన్నాలు కలిపి కుట్టిన బట్ట దుప్పటి. అమ్మాయిలు వేసుకునే దుపట్టా దాని చుట్టమే. ఉర్దూలో ‘దోబారా’ అంటే రెండోసారి, మళ్ళీ అని. మన దగ్గరకు వచ్చి దుబారా అయింది, అనవసరపు ఖర్చు అయింది. ఒకసారి పెట్టిన చోటే రెండోసారి పెడితే దుబారా కాక మరేమిటి! అయితే కనబడిన ప్రతి ‘దు’నూ పట్టుకోకూడదు. రెండు కళ్ళు పెట్టి చూస్తాం కనుక దుర్భిణి అన్నారని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. అది దూర్‌బీన్. దూరాన్ని చూసేది. రెంటితో దానికి సంబంధం లేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది దోఆబు. ఆబ్ అంటే నీరు. రెండు నదుల నడుమ నేల దోఆబు. చరిత్ర పుస్తకాల్లో రాయచూరు దోఆబు కోసం రాజులు తరతరాలు తన్నుకున్నారని చదివాం కదా, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన గద్వాల సీమ ఆ నేలలోదే. పారసీకం వాడు అక్కడ నిలబడి రెండు నీళ్ళను చూశాడు. మనవాడు ఆ నీళ్ళ మధ్య మిగిలిన మట్టిని చూసి నడిగడ్డ అన్నాడు. ఒకే నేలకు రెండు పేర్లు, రెండు చూపులు. గద్వాల రైతును దోఆబు ఎక్కడని అడిగితే చెప్పలేడు, నడిగడ్డ అంటే కాలితో నేల తట్టి చూపిస్తాడు.

మళ్ళీ దుబాసి దగ్గరికి వస్తాను. తూర్పుతీరపు రేవుల్లో, కుంఫిణీల కొలువుల్లో ఈ ఉద్యోగానికి గొప్ప గిరాకీ ఉండేది. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దొరకు దుబాసిగా ఉన్న ఆనందరంగ పిళ్ళై తమిళంలో రాసుకున్న దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. మన భాషలో అంతటి దుబాసి ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఆయన చేసిన ఉద్యోగం ఇదే. 1830 మే నెలలో బయలుదేరి కాశీకి వెళ్ళి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి వచ్చి, తెలుగువారికి కాశీయాత్ర చరిత్ర మిగిల్చాడు. శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, మన పాలమూరు సీమ మీదుగానే హైదరాబాదు చేరుకున్నాడు. ఏ పూట ఎక్కడ దిగాడో, నీళ్ళెలా ఉన్నాయో, ఏ సరుకు దొరుకుతుందో, దొరకదో పూసగుచ్చినట్టు రాశాడు. కోర్టులో ఇరుపక్షాల మాటనూ ఉన్నదున్నట్టు చెప్పి చెప్పి అలవాటైన నోరు కనుకనే ఆ వచనంలో అతిశయోక్తి తక్కువ అని నా నమ్మకం. ఇది నమ్మకమే, రుజువు అడగకండి.

నిజాం రాజ్యంలో ఉన్న మనవైపు ఈ మాట అంతగా వినబడినట్టు లేదు. ఇక్కడ వినబడింది తర్జుమా. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని 1918లో ఉర్దూ మాధ్యమంతో తెరవడానికి ముందే, పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి పెట్టిన సంస్థ పేరు కూడా దారుల్ తర్జుమా. దుబాసి రేవుల్లో ఓడ దిగినవాళ్ళ మధ్య పెరిగిన మాట, తర్జుమా గోలకొండ కచేరీల నుంచి నడిచివచ్చిన మాట అని నా అనుమానం. మా తాతగారు పాలమూరులో కచేరీ ముందర చెట్టు కింద చాప వేసుకుని అర్జీలు రాసేవారు. రైతు తెలుగులో గోడు చెప్పుకునేవాడు, తాతగారి కలం ఉర్దూలో నడిచేది. వినడం ఎడమ నుంచి, రాయడం కుడి నుంచి అని ఆయనే నవ్వేవారు. రాసిన అర్జీని మళ్ళీ తెలుగులో చదివి వినిపించి, ‘నీ మాటేనా?’ అని అడిగి, అప్పుడు వేలిముద్ర వేయించేవారు. ఆయనను ఎవరూ ద్విభాషి అనలేదు. దుబాసి అని కూడా అనలేదు. పంతులుగారు అన్నారంతే. తెలుగులో ‘రెండు నాలుకలవాడు’ అంటే తిట్టు. ఆ రెండు నాలుకల మీద ఒక తాలూకా రైతుల పట్టాలు, పహాణీలు, ఫైసలాలు ఆధారపడి ఉండేవి.

ఇప్పుడు మీ బ్రస్సెల్స్. అక్కడ రెండు భాషలూ చట్టం పెట్టిన లెక్క. నగర ప్రాంతంలోని 19 పురపాలికల్లోనూ ఫ్రెంచి, డచ్చి సమానంగా అధికార భాషలు. ప్రతి వీధి పలక మీదా రెండు పేర్లుంటాయి. మెట్రోలో ఒక స్టేషనుకు ఫ్రెంచిలో ఆర్-ల్వా, డచ్చిలో కున్‌స్ట్-వెట్ అని పేర్లు. కళ, చట్టం అని రెండు వీధుల పేర్లను జతచేసి, ఆ జతను మళ్ళీ రెండు భాషల్లోనూ రాశారు. ఊరి పేరే ఒకరికి బ్రుసెల్, ఒకరికి బ్రూక్సెల్. అక్కడి ఫ్రెంచి మాట్లాడేవారు ‘క్స’ రాస్తారు కాని ‘స’ అనే పలుకుతారు. కనుక బ్రూసెల్ అనుకోండి. చివరి ‘స్’ ఇంగ్లీషువారు తగిలించిన తోక, మనం దాన్ని భక్తిగా మోస్తున్నాం. చిత్తడి నేల మీది ఇల్లని ఆ పాత డచ్చి పేరుకు అర్థం. అది మొదట డచ్చి మాటలాడిన ఊరే. పందొమ్మిదో శతాబ్దంలో కొలువులూ చదువులూ ఫ్రెంచిలో సాగడంతో మెల్లగా నాలుక మార్చుకుంది. పాఠంలో అక్కడ 80 శాతం ఫ్రెంచి మాట్లాడేవారు, 20 శాతం డచ్చి మాట్లాడేవారు అని చదివి ఉంటారు. పిల్లలకు చెప్పేటప్పుడు ‘సుమారు’ అన్న మాట చేర్చండి. ఏ ఊరు ఏ భాష కిందికి పోవాలో ఆ లెక్కలను బట్టే తేలుతుండడంతో తగవులు ముదిరి, 1947 తరువాత అక్కడి జనగణనలో భాష అడగడమే మానేశారు.

రెండు భాషల పలకలున్న వీధిలో ఒక్క భాషే వచ్చిన మనిషి హాయిగా బతికేయవచ్చు. అది ద్విభాషా నగరం. హైదరాబాదు మరోలా ఉండేది. పలక మీద ఏమున్నా, పాతబస్తీలో గాజులు కొనే తెలుగు ఇల్లాలు బేరం దక్కనీలో ఆడుతుంది, అమ్మేవాడు ధర తగ్గించి తెలుగులో ‘తీసుకో అమ్మా’ అంటాడు. రెండు భాషలూ ఒకే నోట్లో ఉంటే అది దుబాసి నగరం. నన్నడిగితే మీ ‘ద్విభాషి నగరం’ బ్రస్సెల్స్‌కు నప్పదు, హైదరాబాదుకు నప్పుతుంది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చట్టం చేశారు కనుక ద్విభాషా అన్నా తప్పు పట్టలేను. అయితే ఇవాళ అక్కడి కొత్త పేటల్లో ఈ రెండూ కాక మూడో భాషలో బేరాలు సాగుతున్నాయి. ఎన్నాళ్ళు ఈ మాట నిలుస్తుందో హామీ ఇవ్వలేను.

ఈ అలవాటు 1591లో హైదరాబాదు కట్టకముందే గోలకొండలో ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకుని తెలుగు రుచి మరిగి వచ్చినవాడు. ‘మలిక్ ఇబ్రహీం’ అన్న పేరును తెలుగు కవులు మల్కిభరాముడు అన్నారు. గమనించారా, ఎక్కడి ఇబ్రహీము, ఎక్కడి రాముడు! ఆయన కాలపు కవి పొన్నగంటి తెలగనార్యుడు మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రం రాసి అమీనుఖానుకు అంకితమిచ్చాడు. సంస్కృత తత్సమాన్ని గడప దాటనివ్వనన్న కావ్యం ఖానుగారికి మాత్రం పీట వేసి కూర్చోబెట్టింది. భాషాశుద్ధి గురించి ఉపన్యాసాలిచ్చే మిత్రులు ఈ కావ్యం అవతారికను ఒకసారి తిరగేస్తే మంచిది.

నా మాట అడిగారు కనుక: బ్రస్సెల్స్‌ను ‘రెండు భాషల రాజధాని’ అని రాయండి, అన్ని తగాదాలూ తీరుతాయి. సంస్కృతమే కావాలంటే మాస్టారి మాట వాడండి. మనిషిని ద్విభాషి అనండి, మధ్యవర్తిగా మాట్లాడే మనిషిని దుబాసి అనండి. పత్రికలవారు ‘బైలింగ్వల్’ అన్న మాటను తెలుగు లిపిలో అచ్చువేస్తే మాత్రం వారికి ఉత్తరం రాయండి, నేనూ సంతకం చేస్తాను.

ఒక్క సంగతి మిగిలింది. ఉత్తరంలో జిల్లా పేరు ‘నల్గొండ’ అని రాశారు. నల్లని కొండ నల్లగొండ. ఆ ‘ల్ల’ను కత్తిరించింది ఇంగ్లీషు స్పెల్లింగు. వచ్చే ఉత్తరంలో సరిచూస్తాను.