ఎండబెట్టిన సెల్-ఫ్రీ ట్యూబులు వానాకాలంలో ఎందుకు వెలగవు?

సెల్-ఫ్రీ అంటే బతికున్న కణాలు లేకుండా, పగలగొట్టిన బ్యాక్టీరియా రసంతోనే ట్యూబులో ప్రొటీన్ తయారు చేయడం. జగిత్యాల డిగ్రీ కాలేజీ మేడం అడిగింది ఇది: ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి ఎండబెట్టిన) ట్యూబుల్లో నీళ్లు పోస్తే జూన్‌లో జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రొటీన్ తయారై పచ్చగా వెలిగిందట, ఆగస్టులో అదే బ్యాచ్ వెలగలేదట. వాళ్ల దగ్గర మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ లేదు.

మేడం, నా అనుమానం తేమ మీదే. హనుమకొండలో మా ల్యాబ్‌లో నాకు ఒక వానాకాలమంతా దీనితోనే ఆగమైంది. మూతలు గట్టిగా పెట్టి ప్లాస్టిక్ డబ్బాలో దాచాను. ముసురు పట్టిన నాలుగో రోజు తీసి చూస్తే, దూదిపింజలా ఉండాల్సిన తెల్లటి ముద్ద కుంగిపోయి, బెల్లం పాకంలా అడుగుకు అంటుకుని ఉంది. ట్యూబు వంచితే మెల్లగా జారింది. నీళ్లు పోసి 37 డిగ్రీల్లో రెండు గంటలు పెట్టినా వెలుగు లేదు.

కారణం ఆ మిశ్రమంలోనే ఉంది. అందులోని పొటాషియం గ్లుటమేట్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, వానాకాలం ఉప్పు డబ్బా లాగే. చెమ్మ చేరితే ఎక్స్‌ట్రాక్ట్‌లోని, అంటే ఆ బ్యాక్టీరియా రసంలోని, ఎంజైములు కదలడం మొదలుపెడతాయి. మీరు నీళ్లు పోసే నాటికి ప్రొటీన్ తయారు చేసే రైబోజోములు మిగిలినా, వాటిని నడిపే శక్తి, అంటే ఏటీపీ, అయిపోయి ఉంటుంది. 2014లో కీత్ పార్డీ, జేమ్స్ కాలిన్స్ బృందం కాగితం మీద ఎండబెట్టిన రియాక్షన్లను గది ఉష్ణోగ్రతలో ఏడాది దాచి చూపించింది. కానీ వాళ్లు నైట్రోజన్ నింపి, సిలికా జెల్ పెట్టి, వెలుతురు తగలకుండా దాచారు. "గది ఉష్ణోగ్రత" అన్న మాట పట్టుకుని మనం ఈ షరతులు వదిలేస్తాం.

ఇప్పుడు నేను ఒక్క క్లాసుకు సరిపడా ట్యూబులే ఒక అల్యూమినియం పొట్లంలో వేస్తాను, రెండు సిలికా జెల్ పొట్లాలతో. వరంగల్ చౌరస్తాలో మసాలా ప్యాకెట్లు సీలు చేసే మెషిన్ కొన్నాను, అదే చాలు. ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీశాక అరగంట ఆగి కత్తిరించండి. చల్లటి పొట్లం వెంటనే తెరిస్తే లోపల నీటి బొట్లు పడతాయి. విప్పిన పొట్లం ఆ రోజే వాడేయాలి.

పాత ట్యూబులు పారేయకముందు ఒక పరీక్ష చేయండి. ఒకదానిలో ఉత్త నీళ్లు, ఇంకోదానిలో కొత్తగా కలిపిన ఎనర్జీ మిక్స్ (ఏటీపీని అందించే మిశ్రమం), మూడోదానిలో నీళ్లతో పాటు కొత్త ప్లాస్మిడ్ (జీఎఫ్‌పీ జన్యువు ఉన్న డీఎన్‌ఏ వలయం). రెండోది వెలిగితే ఎక్స్‌ట్రాక్ట్ బాగానే ఉన్నట్టు, ఖర్చయింది శక్తి మాత్రమే. మూడోది వెలిగితే తప్పు డీఎన్‌ఏది. డీఎన్‌ఏ లేని ట్యూబు ఒకటి తప్పకుండా పక్కన పెట్టండి, లేకపోతే ఎక్స్‌ట్రాక్ట్ సహజ రంగునే వెలుగు అనుకుంటాం.

ప్లాస్మిడ్ విషయంలో ఒక జాగ్రత్త. ప్లాస్మిడ్ తీసే మినీప్రెప్ కిట్ మొదటి బఫర్‌లో ఆర్ఎన్ఏస్-ఎ అనే ఆర్ఎన్ఏను కోసే ఎంజైము ఉంటుంది, దాని చుక్క మిగిలినా జన్యువు సందేశం మోసే ఎంఆర్ఎన్ఏను తినేస్తుంది. ఫినాల్-క్లోరోఫామ్‌తో ఇంకోసారి శుభ్రం చేసి, ఆల్కహాల్‌తో డీఎన్‌ఏను అడుగుకు దించితే నాకు తేడా అదే రోజు కనిపించింది.

విద్యార్థులకు 1961 ముచ్చట చెప్పండి మేడం. నైరెన్‌బర్గ్, మథాయ్ ఈ. కోలై అనే బ్యాక్టీరియా రసంలో యూ అక్షరాలే ఉన్న ఆర్ఎన్ఏ వేసి, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం గొలుసు తయారవడం చూశారు. జన్యు సంకేతంలో చదివిన మొదటి మాట అది. మీ పిల్లల చేతిలో ఉన్న ట్యూబులోనూ అదే రసం.

మీ ప్లాస్మిడ్ ఎట్ల తీశారో, ఆగస్టులో తెరిచినప్పుడు ముద్ద తెల్లగా ఉందో జిగటగా ఉందో రాయండి.