మూడు చీరలు పంపితే రెండే వచ్చాయంటున్నారు.. నేనేం చేయాలి?

ప్రశ్న: మాది మంగళగిరి. మా ఇంటి మగ్గాల మీద నేసిన చీరల్ని నాలుగేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో అమ్ముకుంటున్నాను. జూన్ 9న బెంగళూరులో ఒకావిడకు నిజాం అంచు చీరలు మూడు, ఒక్కోటి రూ.3,800 చొప్పున, కొరియర్‌లో పంపాను. పార్సిల్ అందిన మూడో రోజున 'రెండే ఉన్నాయి' అని మెసేజ్ పెట్టింది. మూడూ నా చేతులతోనే పెట్టాను. ఆవిడ క్రెడిట్ కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, పేమెంట్ లింకు ఇచ్చిన కంపెనీ నా ఖాతాలోంచి రూ.3,800 వెనక్కి తీసేసుకుంది. ఇప్పుడు ఇంకో పది వేలు ఇవ్వకపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్తానంటోంది. ఇదే నంబరు నుంచి మా ఊళ్లో ఇంకో ఇద్దరికీ ఇలాగే జరిగిందని తర్వాత తెలిసింది. ఆవిడ ఫొటో, నంబరు గ్రూపుల్లో పెట్టేద్దామని మా తమ్ముడు అంటున్నాడు. పోలీసు కేసు పెట్టొచ్చా? కొరియర్ రసీదు ఫొటో జత చేశాను.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ తమ్ముడిని ఆపండమ్మా. ఆవిడ మోసం చేసిందని రేపు రుజువు చేయలేకపోతే పరువునష్టం కేసులో ముద్దాయిలు మీరవుతారు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద దానికి రెండేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పైగా చీర నిజంగానే దారిలో పోయి ఉండొచ్చు. పెట్టె అడుగున టేపు కోసి, ఒక్క వస్తువు లాగేసి, మళ్లీ అదే రంగు టేపు వేసిన పార్సిళ్లు నేను చూశాను. ఆవిడ అబద్ధమాడుతోందా, కొరియర్‌లో పోయిందా అన్నది తేలేదాకా 'దొంగ' అనే మాట మీ నోట రాకూడదు. మెసేజ్‌లో అసలే రాకూడదు.

అది తేల్చేది తూకం. మీ రసీదులో 1.5 కిలోలు అని ఉంది. దాన్ని చూసి ధైర్యపడకండి. కొరియర్ వాళ్లు సాధారణంగా బరువును తర్వాతి అరకిలోకు పెంచి బిల్లు వేస్తారు. పెట్టె పెద్దదైతే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 5,000తో భాగించి, వచ్చిన అంకెనే బరువుగా రాసే పద్ధతీ ఉంది. మీకు కావలసింది బిల్లు బరువు కాదు, కాటా మీద పడిన అసలు బరువు. అదే రకం చీర ఇంకోటి జాకెట్టు గుడ్డతో సహా ఇంట్లో తూచి చూడండి. చీర 450 గ్రాములు, పెట్టె 100 గ్రాములు తూగాయనుకుందాం. మూడు చీరలు, పెట్టె కలిపి 1,450 దాకా రావాలి. రెండే అయితే కిలో దగ్గర ఆగాలి. కానీ రెండే చీరలుండి, పెట్టె ఇంకో యాభై గ్రాములు ఎక్కువున్నా బిల్లులో మాత్రం 1.5 అనే పడుతుంది. అందుకే బిల్లు అంకె ఒక్కటే మిమ్మల్ని గట్టెక్కించదు.

బుకింగ్ దగ్గరా, బెంగళూరు చేరాకా తూచిన అసలు బరువు ఎంతో చెప్పమని కొరియర్ సంస్థకు ఈ వారమే ఈమెయిల్ పెట్టండి. ఆలస్యమైతే ఆ వివరాలు చెరిగిపోవచ్చు. ఇక్కడ 1,450, అక్కడ 1,000 ఉంటే చీర దారిలోనే పోయింది. రెండు చోట్లా 1,450 ఉంటే అప్పుడు ఆవిడ జవాబు చెప్పాలి.

ఈలోగా ఆవిడకు ఒక్క మెసేజ్ పంపండి, మర్యాదగా. 'మీ ఫిర్యాదు అందింది. పెట్టెకు అన్ని వైపులా తీసిన ఫొటోలు, టేపు, కొరియర్ స్టిక్కర్, తెరుస్తున్నప్పటి వీడియో ఉంటే పంపగలరు. తూకం వివరాలు కొరియర్ సంస్థను అడిగాం. అవి రాగానే చెబుతాం.' అంతే. 'పోనీ సగం ఇస్తాను' అని మాత్రం రాయకండి. గొడవ వదిలించుకోవాలని అన్న ఆ మాటే రేపు మీరు తప్పు ఒప్పుకున్నట్టు చూపిస్తారు.

కన్స్యూమర్ కోర్టుకు వెళ్తానన్నంత మాత్రాన అది బెదిరింపు నేరం కాదు. అది ఆవిడ హక్కు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాముండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, కాబట్టి కేసు బెంగళూరులో పడొచ్చు. అయినా ప్రతి వాయిదాకూ రైలెక్కాల్సిన పని లేదు, వీడియోలో హాజరు కావడానికి అనుమతి అడగొచ్చు. కానీ నోటీసు వస్తే పక్కన పడేయకండి. జవాబుకు 30 రోజులు, కమిషన్ (కన్స్యూమర్ కోర్టు అసలు పేరు ఇదే) దయతలిస్తే ఇంకో 15. ఆ 45 రోజులు దాటితే తీసుకునే అధికారం కమిషన్‌కే లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. నిజం తమ వైపున్నా, నోటీసును బీరువాలో పెట్టి మరిచిపోయినవాళ్లు ఓడిపోతుంటే నాకు బాధేస్తుంది.

మన వైపు వాదన ఏమిటి? 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొన్నవారి కోసం రవాణాదారుకు సరుకు అప్పగిస్తే వారికి అప్పగించినట్టే భావిస్తారు. అయితే దీని మీదే పూర్తి బరువు వేయకండి. వస్తువు చేతికి అందిందా లేదా అనే కమిషన్ ముందుగా చూస్తుంది. పెట్టినవి మూడు అని మీరు, తీసినవి రెండు అని ఆవిడ ఎవరికి వారే చూపించుకోవాలి. మూడో రోజు దాకా ఎందుకు ఆగారన్న ప్రశ్నా తప్పక వస్తుంది.

రూ.3,800 వెనక్కి పోయింది కాబట్టి కథ ముగిసిందనుకోకండి. బ్యాంకు తేల్చింది కార్డు నిబంధనల ప్రకారం, అది కోర్టు తీర్పు కాదు. మూడు చీరలూ అందాయని చూపించగలిగితే ఆ ధర కోసం మూడేళ్ల లోపు సివిల్ దావా వేయొచ్చు. ఒక్క చీర కోసం బెంగళూరులో ఉన్న మనిషి మీద దావా నడపడం గిట్టుబాటు కాదు, నిజమే. అయినా లీగల్ నోటీసు ఇవ్వడం వృథా కాదు. దానికి డబ్బు పెట్టక్కర్లేదు కూడా. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దగ్గర్లోని కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి.

ఇక పోలీసులు. అందిన వస్తువు అందలేదని చెప్పి డబ్బు రాబట్టడం న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. నాలుగో ఉపసెక్షన్‌లో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. మీరొక్కరే వెళ్తే 'ఇది సివిల్ తగాదా అమ్మా' అని పంపేసే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఒక్కసారి జరిగినదాంట్లో దురుద్దేశం కనబడదు. మీ ఊళ్లో మిగతా ఇద్దరూ ఉన్నారు చూశారా, మీ కేసుకు ప్రాణం అక్కడుంది. ముగ్గురూ బిల్లులు, రసీదులు, మెసేజ్‌లు తేదీల వారీగా పేర్చుకుని కలిసి వెళ్లండి. ఒకే నంబరు, ఒకే అడ్రసు, ఒకే రకం ఫిర్యాదు అని కాగితం మీద కనబడాలి. ఊరు వేరని స్టేషన్‌లో తిప్పి పంపకూడదు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఫోన్ మార్చే ఆలోచన ఉంటే వాయిదా వేసుకోండి. ప్యాకింగ్ ఫొటో తీసి ఉంటే ఆ ఫోనే అసలు సాక్ష్యం. దాని కాపీ ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఇకమీదట ఫొటో చాలదు. చీరలు ఒక్కొక్కటిగా విప్పి చూపించడం, పెట్టెలో పెట్టడం, టేపు వేయడం, టేపు మీదుగా సంతకం చేయడం, కాటా మీద అంకె కనబడడం, స్టిక్కర్ అంటించడం, ఇదంతా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. దాన్ని వాట్సాప్‌లో పంపిన కాపీ కాకుండా తీసినది తీసినట్టుగా దాచండి.

తూకం తేడా కొరియర్ వైపు చూపిస్తే, స్వయం ఉపాధితో బతికే మీరు కూడా వినియోగదారే. గుంటూరు జిల్లా కమిషన్‌లో కొరియర్ మీద ఫిర్యాదు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో నష్టపరిహారానికి ఏదో పరిమితి ఉంటుంది. సంతకం చేసిన అలాంటి షరతుకు కట్టుబడాల్సిందేనని 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఇకపై పార్సిల్ విలువ రాయించి, బీమా కట్టి పంపండి. ఈ పార్సిల్ విషయంలో మాత్రం ఒక తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా కొరియర్‌కు రాతపూర్వక నోటీసు అందకపోతే కేసు వేసే హక్కే పోతుంది. జూన్ 9 నుంచి లెక్కేస్తే అది డిసెంబర్ 6తో ముగుస్తుంది. అంతదాకా ఆగకుండా స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చిన కాగితాన్ని ఆ రసీదుకే పిన్ను కొట్టి ఉంచండి.