అభాసా? ఆభాసా?

ప్రశ్న: ఏళ్ల తరబడి మంచిపేరు తెచ్చుకున్న మనిషి ఒక్క తిక్కపనితో దాన్ని పోగొట్టుకుంటే "అభాసుపాలయ్యాడు" అంటాం కదా. అ + భాసు, అంటే వెలుగు లేకపోవడం అని ఒక మిత్రుడు చెప్పాడు. నిజమేనా? కొందరు "ఆభాసు" అని, కొందరు "అబాసు" అని రాస్తున్నారు. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడి విరుపు వినడానికి బాగుంది గానీ నేను ఒప్పుకోను. ఇక్కడున్నది "లేదు" అని చెప్పే అకారం కాదు, "ఆ" అనే ఉపసర్గ. ఆభాస అంటే అలా కనిపించేదే తప్ప నిజానికి అది కానిది. ముత్యపుచిప్ప వెండిలా మెరుస్తుంది చూశారా, ఆ వెండి ఆభాస. వేదాంతులకు ఈ ఉదాహరణంటే మహా ఇష్టం. హేతువులా కనిపిస్తూ హేతువు కానిదాన్ని తార్కికులు హేత్వాభాస అన్నారు, అక్కడితో ఆగక దాన్ని 5 రకాలుగా విడగొట్టారు. ఆలంకారికులకు రసాభాస ఉంది. సీత మీద రావణుడి వలపు లాంటిదన్నమాట, శృంగారంలాగే ఉంటుంది, కానీ అనుచితం. మనవాళ్లేమో కుర్చీలు విసురుకున్న ప్రతి సభకీ "రసాభాస" అని హెడ్డింగు పెట్టేస్తున్నారు. అంతకుముందు అక్కడ రసం ఎక్కడ ఏడిసిందని అడగాలనిపిస్తుంది నాకు!

సరే, అసలు సంగతికి వస్తా. పేరుకు మచ్చ రావడం వేరు, అభాసు కావడం వేరు. మచ్చ ఉన్నా చంద్రుడు చంద్రుడే. గుణాల గుంపులో ఒక్క దోషం, వెన్నెల్లో చంద్రుడి మచ్చలా మునిగిపోతుందని కాళిదాసు కుమారసంభవం మొదట్లోనే అన్నాడు. అభాసు అలా మునగదు. పెద్దమనిషి అనిపించుకున్నవాడు క్యూలో ముందుకు దూరి, అడిగిన కుర్రాడి మీద నోరు పారేసుకున్నాడనుకోండి, తప్పు ఆవగింజంతే, కానీ చూసినవాళ్లు "ఇన్నాళ్లూ మనం చూసింది వెండేనా, చిప్పా?" అని పాత లెక్కలన్నీ తిరగేస్తారు. నవ్వులపాలు కావడం ఆ తర్వాతి ముచ్చట. ("పాలు" అంటే వాటా, అప్పులపాలు, మంటలపాలు లాంటిదే.) అందుకే ఓడిన ప్రతి జట్టునూ, ఆగిపోయిన ప్రతి పథకాన్నీ అభాసుపాలు చేయకండి. ఓడితే ఓడింది అనొచ్చుగా!

ఇక రాత సంగతి. పుట్టుక చూస్తే "ఆభాసు" అనాలి, కానీ "అభాసు" పాతుకుపోయింది, దాన్ని తప్పనే ధైర్యం నాకు లేదు, నేనూ అలాగే రాస్తాను. "అబాసు" మాత్రం మాటల్లో అయితే పోనీ అనుకుంటా, రాతలో వత్తు ఎగరగొడితే మనసొప్పదు. ఇంకో పదేళ్లకి ఈ పట్టుదల నాకే ఉంటుందో లేదో మరి.