బ్యాంకు అకౌంటుతో వచ్చే ప్రయాణ బీమా, బ్రేక్‌డౌన్ కవర్: ఏటా ఇండియా వెళ్లే కుటుంబానికి ఎంతవరకు సరిపోతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బ్రిటన్‌లోని రెడింగ్‌లో ఉంటున్న మీ నలుగురి కుటుంబం వేసవి సెలవుల్లో ఆరు వారాలు విజయవాడ వెళ్తుంది, ఏడాదిలో మరోసారి కారులో ఫ్రాన్స్ వెళ్తుంది, కారు వయసు పదకొండేళ్లు. నెలకు 18 పౌండ్లు కట్టే అకౌంటుకు మారితే ప్రయాణ బీమా, బ్రేక్‌డౌన్ కవర్ (కారు ఆగిపోతే వచ్చే సహాయం), ఫోన్ బీమా మూడూ కలిసి వస్తాయని మీ బ్యాంకు చెబుతోంది. దానికి మారాలా, లేక విడివిడిగా కొనుక్కోవాలా అని మీరు అడుగుతున్నారు. బర్మింగ్‌హామ్‌లో ఉండే మా కుటుంబం కూడా ఇంచుమించు ఇలాంటిదే. 2016 నుంచి ఇలాంటి అకౌంటు వాడుతున్నాను, మధ్యలో ఒకసారి బ్యాంకు కూడా మార్చాను. ఇన్నేళ్లలో మూడుసార్లు బీమా అవసరపడింది. రెండుసార్లు పని జరిగింది, ఒకసారి జరగలేదు. ఆ జరగని దాని గురించే కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో కూడా అదే రావచ్చు.

ముందుగా ధర. 18 పౌండ్లంటే ఏడాదికి 216 పౌండ్లు. ఈ అకౌంట్లలో బాగా తెలిసిన, నేషన్‌వైడ్ సంస్థ ఇచ్చే ఫ్లెక్స్‌ప్లస్ అకౌంటు చాలాకాలం నెలకు 13 పౌండ్లు ఉండి, 2024 చివర్లో 18 అయింది. అంటే ఏడాదికి 156 ఉన్నది 216కు చేరింది. 13 ఉన్నప్పుడు పెద్దగా ఆలోచించకుండానే తీసుకోదగిన ధర అది. 18 దగ్గర మాత్రం మూడు బీమాలూ నిజంగా వాడుకునే కుటుంబానికే లాభం. పోయిన ఏడాది నేను మా నలుగురికి ప్రయాణ బీమా, రెండు కార్లకు యూరప్‌తో సహా బ్రేక్‌డౌన్ కవర్, రెండు ఫోన్లకు బీమా విడిగా ధరలు తీసి చూస్తే, అన్నీ కలిపి అకౌంటు రుసుము కంటే స్పష్టంగా ఎక్కువే వచ్చాయి. ఒకే కారు ఉండి, ఫోన్ బీమా అక్కర్లేదనుకునే వారికి లెక్క తలకిందులవుతుంది. ఇంతవరకు ఎవరైనా కాగితం మీద వేసుకోగల లెక్కే. మనవాళ్లు దెబ్బతినేది ధర దగ్గర కాదు, షరతుల దగ్గర. ఈ పాలసీలన్నీ బ్రిటన్‌లో బయలుదేరి, ఒకటి రెండు వారాలు ఎక్కడో సెలవు గడిపి, బ్రిటన్‌కు తిరిగివచ్చే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. తల్లిదండ్రులు వేరే దేశంలో ఉండి, ఏడాదికోసారి నెల దాటి అక్కడ గడిపే కుటుంబం వారి ఊహలో ఉండదు.

అందుచేత పాలసీ పత్రం తెరవగానే మీరు మొదట వెతకవలసింది ఒక్క ప్రయాణానికి అనుమతించే గరిష్ఠ రోజుల సంఖ్య. చాలా అకౌంట్లలో అది 31 రోజులు. మీ ఆరు వారాలు 42 రోజులు. ఇక్కడ రెండు రకాల పాలసీలు ఉన్నాయి. కొన్నిటిలో మొదటి 31 రోజులకు కవర్ ఉండి, 32వ రోజు నుంచి ఉండదు. మరికొన్నిటిలో తిరుగు టికెట్ తేదీ 31 రోజులు దాటి ఉంటే, మూడో రోజున ఆసుపత్రిలో చేరినా సరే, ఆ ప్రయాణం మొత్తానికీ కవర్ ఉండదు. మొదటి రెండేళ్లు నేను ఈ వాక్యం చదవకుండానే పిల్లలను తీసుకుని ఇండియా వెళ్లివచ్చాను. ఏమీ జరగలేదు కాబట్టి బతికిపోయాను. 2018లో మాత్రం బయలుదేరే ముందు ఫోన్ చేసి, అదనపు రుసుము కట్టి, రోజులు పొడిగించుకున్నాను. ఈ పొడిగింపు విమానం ఎక్కకముందే కొనాలి, వెళ్లాక అడిగితే ఇవ్వరు. కట్టిన వెంటనే వచ్చే ధ్రువీకరణ పత్రంలో మీ తిరుగు ప్రయాణం తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. విడిగా కొనే వార్షిక పాలసీల్లోనూ ఈ రోజుల పరిమితి ఉంటుంది కానీ, 45 లేదా 60 రోజులున్నవి వెతికితే దొరుకుతాయి. కాబట్టి పోల్చేటప్పుడు అకౌంటు రుసుముకు ఈ పొడిగింపు ఖర్చు కలిపి పోల్చాలి. బ్యాంకు ప్రకటనలో ఆ అంకె కనపడదు.

ఇప్పుడు జరగని క్లెయిమ్ సంగతి. 2019లో ఈస్టర్ సెలవులకు లిస్బన్ వెళ్దామని జనవరిలో విమానం టికెట్లు, బస రెండూ డబ్బు కట్టి ఖాయం చేసుకున్నాం. ప్రయాణానికి పది రోజుల ముందు తెనాలిలో నాన్నగారికి గుండె సమస్య తిరగబెట్టి ఐసీయూలో చేర్చారు. లిస్బన్ వదులుకుని నేను ఇండియా వెళ్లాను. దగ్గరి బంధువుకు తీవ్రమైన జబ్బు చేస్తే రద్దు ఖర్చు ఇస్తామని పాలసీలో స్పష్టంగా ఉంది కనుక, తిరిగివచ్చాక క్లెయిమ్ వేశాను. బీమా సంస్థ ఒక ఫారం పంపి, నాన్నగారికి వైద్యం చేస్తున్న డాక్టరు చేత నింపించమంది. ఆ డాక్టరుగారు ఎంతో ఓపికగా, ఆరేళ్ల కిందటి బైపాస్‌తో మొదలుపెట్టి, డిసెంబరులో మందు మార్చిన తేదీ వరకు అన్నీ నిజాయితీగా రాసి పంపారు. ఆ డిసెంబరు తేదీ మీదే క్లెయిమ్ ఆగిపోయింది. ప్రయాణం చేయని బంధువైనా సరే, మనం బుక్ చేసే నాటికి ముందు పన్నెండు నెలల్లో చికిత్స గానీ మందుల మార్పు గానీ జరిగిన జబ్బు వల్ల రద్దయితే ఇవ్వబోమని పాలసీలో మరో పేజీలో ఉంది.

నేను ఫిర్యాదు చేశాను. ఫిర్యాదుకు తుది జవాబు ఇవ్వడానికి సంస్థకు ఎనిమిది వారాల గడువు ఉంటుంది. ఆ జవాబు నచ్చకపోతే ఆరు నెలల్లోగా, ఇలాంటి తగాదాలు తీర్చే స్వతంత్ర సంస్థ ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, మనకు ఖర్చేమీ ఉండదు. తుది జవాబు చదివాక నేను ఆంబుడ్స్‌మన్ దాకా వెళ్లలేదు, ఎందుకంటే ఆ వాక్యం అక్కడ ఉంది, నేనే చదవలేదు. డబ్బు పోయినందుకు కాదు గానీ, నాన్నగారి ఆరోగ్యాన్ని ఎవరో తేదీలుగా విడదీసి చూడటం నాకు చాలాకాలం బాధగా ఉండింది. మీ ఇద్దరి తల్లిదండ్రులకూ బీపీ, షుగర్ ఉన్నాయని రాశారు కాబట్టి అడుగుతున్నాను: ప్రయాణించని దగ్గరి బంధువుల పాత జబ్బుల గురించి పాలసీ ఏమంటోందో ఆ భాగాన్ని ప్రత్యేకంగా చదవండి. అందరి మాటలూ ఒకేలా ఉండవు. రద్దు అవసరం వచ్చిన నాటికి కాక, బుక్ చేసిన నాటికి ఆ బంధువు పరిస్థితి ఎలా ఉందన్నదే చూసేవి కొన్ని, వైద్యుడు ముందే హెచ్చరించి ఉండకపోతే ఇచ్చేవి కొన్ని ఉంటాయి. పెద్దవాళ్లు దూరంగా ఉన్న కుటుంబానికి ఈ ఒక్క తేడా, ఫోన్ బీమా ఉందా లేదా అన్నదాని కంటే చాలా ఎక్కువ విలువైనది.

మీ సొంత ఆరోగ్యం విషయంలో దారి మరోలా ఉంటుంది. విడిగా పాలసీ కొనేటప్పుడు వెబ్‌సైటు ప్రశ్నలు వరసగా అడుగుతుంది, మనం జవాబిస్తాం. అకౌంటు తెరిచేటప్పుడు ఆ ప్రశ్నలు అంత వివరంగా రాకపోవచ్చు. జబ్బులుంటే ఫలానా నంబరుకు ఫోన్ చేసి చెప్పాలని పత్రంలో రాసి ఉంటుంది, ఆ ఫోన్ మనమే చేయాలి. మా ఆవిడకు థైరాయిడ్ మందు మొదలైనప్పుడు ఫోన్ చేస్తే అదనంగా ఏమీ అడగలేదు. నాకు షుగర్ అని తేలినప్పుడు మాత్రం ఏడాదికి కొంత కట్టమన్నారు. ఆ మొత్తం కూడా పోలికలోకి రావాలి. ఒకవేళ జబ్బు కారణంగా కవర్ ఇవ్వలేమంటే, అలాంటివారికి బీమా చేసే సంస్థల జాబితాను చూపించాలన్న నియమం 2021 నుంచి ఉంది. డబ్బు విషయాల్లో ఉచితంగా సలహా ఇచ్చే మనీహెల్పర్ సేవ నిర్వహించే ఆ జాబితాను మీరు నేరుగా కూడా చూడవచ్చు.

ఇండియా ప్రయాణానికే సంబంధించినవి ఇంకో రెండు ఉన్నాయి, త్వరగా చెబుతాను. పెళ్లికి తీసుకువెళ్లే బంగారాన్ని ఈ పాలసీలు దాదాపు కాపాడవనే అనుకోండి. ఒక్కో వస్తువుకూ, విలువైన వస్తువులన్నిటికీ కలిపీ పరిమితులుంటాయి, పైగా విమానం కింద వేసే సామానులో నగలు పెడితే ఏమీ రాదు. రెండోది, బంధువుల స్కూటరు. హెల్మెట్ లేకుండా వెనక కూర్చుని వెళ్లినా, ప్రమాదం జరిగితే వైద్య ఖర్చు ఇవ్వబోమనే షరతు చాలా పాలసీల్లో ఉంది. అక్కడికి వెళ్లాక మనకు గుర్తుండని విషయం ఇదే. నేను మా పిల్లలకు హెల్మెట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్తాను.

బ్రేక్‌డౌన్ కవర్ గురించి నా అభిప్రాయం చాలా అనుకూలంగా ఉంది. నాకు పని జరిగిన రెండూ అక్కడే. చూడవలసిన మొదటి విషయం, కవర్ కారుకా, మనిషికా అన్నది. మనిషికైతే మీరు నడిపే కారు, కొన్నిటిలో మీరు పక్కన కూర్చుని వెళ్లే స్నేహితుడి కారు కూడా కవరవుతాయి. ఎం5 మోటారు మార్గం మీద వూస్టర్ దాటాక మా స్నేహితుడి కారు ఇంజన్ వేడెక్కి ఆగిపోయినప్పుడు, అతనికి ఏ కవరూ లేకపోయినా నా అకౌంటు మీద రికవరీ ట్రక్కు వచ్చి, కారునూ మమ్మల్నీ బర్మింగ్‌హామ్ చేర్చింది. రెండో విషయం, ఇంటి దగ్గర ఆగిపోతే వస్తారా అన్నది. చవకైన కవర్లలో ఇంటికి పావు మైలు లోపల సహాయం ఉండదు. పదకొండేళ్ల కారుకు జనవరి ఉదయం ఇంటి ముందే బ్యాటరీ చచ్చిపోవడం అన్నిటికంటే సాధారణం కాబట్టి ఇది లేకుండా తీసుకోకండి. మాకు రెండోసారి అవసరమైంది సరిగ్గా అందుకే. బార్‌క్లేస్ బ్యాంకు ప్యాక్‌లో ఆర్ఏసీ, లాయిడ్స్, హాలిఫాక్స్ బ్యాంకుల అకౌంట్లలో ఏఏ అనే బ్రేక్‌డౌన్ సంస్థలు సేవలు అందిస్తాయి. అయితే పేరు చూసి నిర్ణయించకండి. అదే సంస్థ ఒక బ్యాంకుకు రోడ్డు పక్కన బాగుచేయడం మాత్రమే ఇచ్చి, మరో బ్యాంకుకు దూరప్రాంతానికి చేర్చడం, తర్వాతి ప్రయాణ ఖర్చు కూడా కలిపి ఇవ్వవచ్చు. కారు వయసు మీద పరిమితి ఉందేమో, యూరప్ భాగంలో ముఖ్యంగా, చూడండి.

ఫ్రాన్స్‌కు కారులో వెళ్తామన్నారు కనుక ఒక మాట. అక్కడి మోటారు మార్గాల మీద కారు ఆగిపోతే మీ బీమా ట్రక్కు నేరుగా రాలేదు. పక్కనున్న నారింజ రంగు అత్యవసర ఫోన్ నుంచి పిలవాలి, ఆ మార్గానికి అధికారికంగా అనుమతి ఉన్న ట్రక్కు వచ్చి మిమ్మల్ని మార్గం బయటకు చేరుస్తుంది, ఆ ఖర్చు అక్కడే మీరు కట్టాలి. రసీదు దాచి, తర్వాత మీ కవర్ నుంచి తిరిగి అడగాలి. మార్గం బయటకు వచ్చాకే మీ సంస్థకు ఫోన్ చేస్తే మిగతాది వాళ్లు చూస్తారు.

మీ అమ్మగారు, నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ అకౌంటు వారికి పనికిరాదు, యూకే నివాసులకే కవర్ ఉంటుంది. సందర్శకులకు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) ఆసుపత్రి చికిత్సకు మామూలు ధరకు 150 శాతం వసూలు చేస్తారు కనుక, వారికి బయలుదేరే ముందే ఇండియాలో బీమా కొనిపించండి.

బ్యాంకు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని అడిగి చేయించుకోండి. ఒకప్పుడు ఈ అకౌంట్లను అర్హత లేనివారికి కూడా అంటగట్టారు, వేల సంఖ్యలో ఫిర్యాదులు వచ్చాయి. 2013 మార్చి 31 నుంచి అమలైన నియమాల ప్రకారం, అమ్మేటప్పుడే ఒక్కో బీమాకూ మీకు అర్హత ఉందో లేదో బ్యాంకు చూడాలి, ఏడాదికోసారి అర్హతల పత్రం పంపాలి. ఆ పత్రాన్ని చాలామంది ప్రకటన అనుకుని పారేస్తారు. మీ వయసు, ఆరోగ్యం, పిల్లల చదువు మారినప్పుడు కవర్ ఎక్కడ తెగిపోతుందో అందులోనే తెలుస్తుంది. కొన్ని అకౌంట్లలో 70 ఏళ్లు నిండితే అదనంగా కట్టాలి, పెద్ద పిల్లలు చదువు ముగించగానే కుటుంబ కవర్ నుంచి బయటకు వస్తారు.

మీ పరిస్థితికి నేనైతే ఇలా చేస్తాను. పాత కారు, ఫ్రాన్స్ ప్రయాణం ఉన్నాయి కాబట్టి అకౌంటు తీసుకుంటాను. ఇద్దరూ కారు నడుపుతారు కాబట్టి ఉమ్మడి అకౌంటుగా తెరుస్తాను. విజయవాడ ప్రయాణానికి 42 రోజుల పొడిగింపు ధర అడుగుతాను, అది ఆ ఒక్క ప్రయాణానికి విడిగా దొరికే పాలసీ కంటే ఎక్కువైతే విడిగానే కొంటాను. విడిగా కొనాల్సివచ్చినా అకౌంటు వద్దనుకోను. ఇప్పుడు మీకున్న వార్షిక పాలసీని మాత్రం కొత్త అకౌంటు కవర్ మొదలైనట్టు పత్రం చేతికి వచ్చేవరకు రద్దు చేయకండి. అలాగే భవిష్యత్తులో ఈ అకౌంటు నుంచి ఉచిత అకౌంటుకు మారాలనుకుంటే, బుక్ చేసిన ప్రయాణాలన్నీ పూర్తయ్యాకే మారండి, ఎందుకంటే మారిన రోజుతోనే కవర్ పోతుంది, ముందే కొన్న టికెట్లకు కూడా.

బంధువుల జబ్బుల గురించిన భాగం మీ పాలసీలో దొరికితే ఆ రెండు మూడు వాక్యాలు ఇక్కడ రాయండి, చదివి నాకు అర్థమైనది చెబుతాను.