18 రోజుల పాలు: చలికాలపు తీరంలో సీల్ పిల్లలు

ప్రశ్న: నవంబరులో అమ్మానాన్న హైదరాబాద్ నుంచి మా దగ్గరికి వస్తున్నారు. వాళ్లకీ, మా ఐదేళ్ల పాపకీ సముద్రపు ఒడ్డున సీల్స్‌ని చూపించాలని ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి తీసుకెళ్తే మంచిది?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: మీ నాన్నగారి మోకాళ్లను బట్టి చూస్తే ఇంగ్లండ్ తూర్పున లింకన్‌షైర్ తీరంలోని డోనా నూక్ మేలు. కారు దిగి కొద్ది దూరం నడిస్తే ఇసుక దిబ్బల వెంట కంచె వస్తుంది. గ్రే సీల్ తల్లులు ఆ కంచె అవతలే, ఒక్కోసారి నాలుగడుగుల దూరంలోనే పిల్లలతో పడుకుని ఉంటాయి. నోర్ఫోక్‌లోని హోర్సీ కూడా చాలా బాగుంటుంది కానీ అక్కడ దిబ్బలెక్కి ఇసుకలో నడవాలి. బ్లేక్నీ పాయింట్‌కు మోర్‌స్టన్ నుంచి పడవలో వెళ్లాలి. పైకప్పు లేని పడవలో ఆ గాలికి పెద్దవాళ్లు తట్టుకోవడం కష్టం.

డోనా నూక్‌లో అక్టోబరు చివర మొదటి పిల్లలు పుడతాయి. నవంబరు రెండో సగంలో తీరమంతా కళకళలాడుతుంది, క్రిస్మస్ నాటికి పలచబడుతుంది. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ఊరి దారులు ఇరుకు, కార్లు బారులు తీరతాయి. మామూలు రోజున పొద్దున పదింటికల్లా చేరుకోండి. ఆ నెలాఖరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది.

ఒంటికి అంటుకుని థర్మల్, దాని మీద ఉన్ని, పైన గాలి చొరని జాకెట్ ఉండాలి. లోపల కాటన్ వేస్తే చెమటకు తడిసి ఒళ్లు చల్లబడుతుంది. బూటు బిగిసిపోయేలా రెండు జతల సాక్సులు తొడిగినా రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. పాప చెయ్యి కంచె సందులోంచి అవతలికి పోకుండా చూసుకోండి. కుక్క ఉంటే ఇంట్లోనే వదిలి రండి. డోనా నూక్ వైమానిక దళం సాధన చేసే చోటు కూడా, కాబట్టి ఎర్ర జెండాలు, కంచెలు దాటకూడదు.

ప్రశ్న: హోర్సీలో తెల్లటి సీల్ పిల్ల ఒకటి ఒంటరిగా పడి ఏడుస్తోంది. కళ్ల నుంచి నీళ్లు కూడా కారుతున్నాయి. దగ్గరికి వెళ్లి శాలువా కప్పబోతే వలంటీరు ఆపేశారు. అలా వదిలేయడం న్యాయమేనా?
– ఒక పాఠకుడు, నార్విచ్

జవాబు: న్యాయమే. ఆపినవారు ఆ పిల్ల ప్రాణం కాపాడారు. ముందు ఆ కన్నీళ్ల సంగతి: సీల్‌కు కన్నీటిని ముక్కులోకి పంపే నాళం లేదు. అందుకే ఒడ్డున ఉన్నంతసేపూ కళ్ల కింద తడి కనిపిస్తుంది, అది దుఃఖం కాదు.

పుట్టినప్పుడు పిల్ల బరువు దాదాపు 14 కిలోలు. తల్లి పాలిచ్చేది సుమారు 18 రోజులే. మన గేదె పాలలో వెన్న ఏడు శాతం ఉంటే చిక్కటి పాలంటాం, సీల్ పాలలో 60 శాతం దాకా ఉంటుంది. పిల్ల రోజుకు దాదాపు రెండు కిలోల చొప్పున పెరుగుతుంది. ఆ రోజులన్నీ తల్లి ఏమీ తినదు, తన ఒంటి కొవ్వు కరిగించే పాలిస్తుంది. మధ్యమధ్య నీళ్లలోకి వెళ్లి, అలల్లోంచి పిల్లను కనిపెట్టుకుని ఉంటుంది. మనం ఆ రెండింటి మధ్య నిలబడితే తల్లి ఒడ్డుకు రాదు, పిల్లకు ఆ పూట పాలుండవు. బిడ్డను తల్లి గుర్తుపట్టేది వాసనతో, అరుపుతో. అందుకే శాలువా కప్పడం, చేత్తో తాకడం రెండూ ప్రమాదమే.

పాలు మాన్పించాక తల్లి వెళ్లిపోతుంది. తెల్ల బొచ్చు రాలి, పిల్ల ఇంకొన్ని వారాలు ఒడ్డునే నిల్వ కొవ్వుతో బతుకుతుంది. అది కూడా ఒంటరిగానే కనిపిస్తుంది, దానికీ ఏ ఆపదా లేనట్టే. పిల్లను సముద్రంలోకి తోయకండి, తెల్ల బొచ్చు నీటిని ఆపదు, చలికి చచ్చిపోతుంది. నీళ్లు పోయడం, చేపలు వేయడం కూడా వద్దు.

నిజంగా సాయం కావలసిన పిల్ల ఎలా ఉంటుందంటే: ఆరోగ్యంగా ఉన్నది పీపాలా ఉంటుంది, మెడే కనపడదు. మెడ సన్నబడి, తుంటి ఎముకలు తేలినా, దగ్గుతున్నా, ముక్కు నుంచి చీమిడి కారుతున్నా, గాయమున్నా, మెడకు వల చుట్టుకున్నా వెనక్కి తగ్గి వార్డెన్‌కు చెప్పండి. వాళ్లు లేని తీరంలో సముద్ర జంతువులను కాపాడే బ్రిటిష్ డైవర్స్ మెరైన్ లైఫ్ రెస్క్యూకు గానీ, జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏకు గానీ ఫోన్ చేయండి. బయల్దేరే ముందే ఆ నంబర్లు ఫోన్‌లో దాచుకోవాలి, తీరంలో సిగ్నల్ నమ్మకం లేదు. తుఫాను తర్వాత ఇలాంటి పిల్లలు ఎక్కువగా కనిపిస్తాయి. 2013 డిసెంబరు 5 నాటి ఉప్పెన హోర్సీలో ఎన్నో పిల్లల్ని తల్లులకు దూరం చేసింది.

ఎప్పుడైనా సీల్ కరిస్తే, చిన్న గాటైనా, డాక్టరుకు ‘సీల్ కరిచింది’ అనే చెప్పాలి. వేలు వాచి కీలు పాడుచేసే ‘సీల్ ఫింగర్’కు మామూలుగా రాసే పెన్సిలిన్ పనిచేయదు, టెట్రాసైక్లిన్ రకం మందు కావాలి.

ప్రశ్న: ఫొటోల్లో పిల్ల బొచ్చు తెల్లగా పాలిపోయి, ఒక్క వెంట్రుకా కనిపించడం లేదు. తప్పు ఎక్కడ?
– ఒక పాఠకుడు, షెఫీల్డ్

జవాబు: చుట్టూ నల్లటి బురద ఉండటంతో కెమెరా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తోంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే అమరిక) మైనస్ 0.7 దగ్గర పెట్టండి. పిల్ల ఫ్రేమంతా నిండితే మాత్రం దీనికి ఎదురు, ప్లస్ వైపు జరపాలి. 300 నుంచి 400 మి.మీ. లెన్స్ సరిపోతుంది. ఫ్లాష్, డ్రోన్ వద్దే వద్దు. రెండో బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచుకోండి. కంచె లేని తీరంలో కనీసం 100 మీటర్ల దూరంలో ఉండండి. సీల్ తలెత్తి మీవైపే చూస్తోందంటే అప్పటికే దగ్గరికి వచ్చేశారన్నమాట, మెల్లగా వెనక్కి జరగండి. ఆగితే చాలదు.

ప్రశ్న: చలికాలంలో విశాఖ తీరానికి సీల్స్ వస్తాయా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: రావు. భారతదేశపు తీరంలో ఎక్కడా సీల్స్ కాపురం ఉండవు. మనవాళ్లు ‘నీటి కుక్క’ అనేది వేరే జంతువు, అట్టర్. మీ తీరానికి చలికాలపు అతిథి ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతుంది. కనిపిస్తే దాని ముందుకు వెళ్లకుండా, టార్చి, ఫోన్ లైటు ఆర్పేసి వెనకాల దూరంగా కూర్చోండి. వెలుతురు చూస్తే గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు. గూడు ఎక్కడుందో అటవీ శాఖ వారికి చెబితే గుడ్లను హేచరీకి (గుడ్లను కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటికి) చేరుస్తారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వాటిని సముద్రంలోకి వదిలే రోజు ఎప్పుడో వాళ్లనే అడిగి తెలుసుకోండి.