వెన్నుపాము వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

ఎక్సోసోములు, అంటే కణాలు బయటకు వదిలే బుల్లి సంచులు, వెన్నుపాము గాయానికి పనికొస్తాయని నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది, అందుకు బెంగలేదు. మొదటి పేరా మాత్రం కొట్టేయి. 'వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇక మంచి రోజులు' అన్నావు. బైకు మీంచి పడి నడుం కింద చచ్చుబడిన కుర్రాడి తల్లి కూడా ఇది చదువుతుంది. చదివి ఊరుకోదు, పేపరు కత్తిరించి డాక్టరు దగ్గరకు పట్టుకెళ్తుంది.

ఎక్సోసోముల చరిత్రకు సగం వ్యాసం ఇచ్చావు. ఒక పేరా చాలు. 1983లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టన్ బృందం గొర్రెల రక్తంలో ఇంకా ముదరని ఎర్రకణాలను పరిశీలించింది. అవి తమకు ఇక అక్కర్లేని, ఇనుమును లోపలికి తీసుకునే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలను బుల్లి సంచుల్లో పెట్టి బయట పడేస్తున్నాయి. చాలాకాలం వాటిని చెత్తసంచులనే అనుకున్నారు. రోగనిరోధక కణాలు వాటితో ఒకదాన్నొకటి పురిగొల్పుతాయని 1996లో, వాటిలో ఆర్‌ఎన్‌ఏ కూడా ప్రయాణిస్తుందని 2007లో తెలిసింది. అంతే.

చోటు ఇవ్వాల్సింది దెబ్బకి. దాన్ని నువ్వు రెండు ముక్కల్లో దాటేశావు. తగిలిన క్షణంలో పోయే కణాలు కొన్నే. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో జరిగే నష్టం వేరే. సన్న రక్తనాళాలు తెగి నెత్తురు చిమ్ముతుంది, వాపు వస్తుంది, ఆక్సిజన్ అందక పక్కనున్న మంచి కణాలూ చస్తాయి. అప్పుడు రక్తంలోంచి మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తను మింగే రోగనిరోధక కణాలు, వచ్చి చేరతాయి. కొన్ని మంట రేపుతాయి, కొన్ని చల్లారుస్తాయి. చల్లార్చే రకాన్ని ఎం2 అంటారు. (ఈ రెండు రకాల లెక్క పుస్తకాల సౌకర్యం కోసం. ఒంట్లో అవి అంత బుద్ధిగా విడివిడిగా ఉండవు. ఆ మాటా రాయి.)

'ఎక్సోసోములు రక్తనాళాలను పెంచుతాయి' అని ఆపేశావు. ఎలా? 2021లో చైనా పరిశోధకులు చిట్టెలుకల మీద చేసిన పని తీసుకో. ఎం2 మాక్రోఫేజ్‌ల ఎక్సోసోములు ఆట్యులిన్ అనే ఎంజైమును నాళాల లోపొర కణాల్లోకి చేరవేస్తాయి. ఆ కణాల్లో బీటా-కెటెనిన్ అనే ప్రోటీను ఉంటుంది. దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీను తోకలా తగిలితే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఆట్యులిన్ ఆ తోక ఊడబెరుకుతుంది. బతికిపోయిన బీటా-కెటెనిన్ కేంద్రకంలోకి వెళ్లి, నాళాలు మొలవడానికి కావలసిన జన్యువులను లేపుతుంది. ఆట్యులిన్ తగ్గించిన ఎక్సోసోములతో ఫలితమూ తగ్గింది. వ్యాసానికి ప్రాణం ఈ చివరి వాక్యం, నువ్వు సరిగ్గా దాన్నే వదిలేశావు.

'ఎలుకలు కోలుకున్నాయి' అని ఊరికే అనకు. ఇలాంటి ప్రయోగాల్లో చిట్టెలుకను విశాలమైన తొట్టెలో నాలుగు నిమిషాలు తిరగనిచ్చి, ఇద్దరు కూర్చుని దాని వెనక కాళ్లకు 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. చీలమండ కదిలిందా, పాదం నేలకు ఆనిందా, అడుగు పడిందా అని చూస్తారు. కోలుకోవడమంటే ఈ మార్కుల్లో తేడా. దెబ్బ తగిలిన ఎన్నో రోజున మందు ఇచ్చారో కూడా చెప్పు. కొడుకు మూడేళ్లుగా మంచంలో ఉన్న తల్లికి అన్నిటికంటే కావలసిన సంగతి అదే. జెల్ మీద కణాలు గొట్టాల్లా అల్లుకున్న ఫోటో అందంగా ఉంది, వేసుకో. కింద మాత్రం అది ఒంట్లోది కాదు, ల్యాబు గిన్నెలో పెంచిన కణాలదని రాయి.

నాళం మొలిస్తే చాలు, మేలే అన్న ధోరణి నీ వ్యాసమంతా ఉంది. కొత్త నాళాలు మొదట్లో కారతాయి. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకలకు నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీను ఎక్కిస్తే గాయం ఇంకా ముదిరిన ప్రయోగం 2003లోనే అచ్చయింది. ఎంత మొలిచిందన్నదానితో పాటు ఎంత గట్టిగా మొలిచిందన్నదీ అడగాలి.

చివరి పేరాలో ఆశ గురించి రాసిన నాలుగు వాక్యాలూ తీసేసి, అక్కడ 2019 డిసెంబరు నాటి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టు. ఎక్సోసోములున్నాయని చెప్పి చేసిన చికిత్సలతో నెబ్రాస్కాలో కొందరు రోగులకు తీవ్రమైన హాని జరిగిందని, తాము ఆమోదించిన ఎక్సోసోము ఉత్పత్తి ఒక్కటీ లేదని అందులో చెప్పారు. హైదరాబాద్‌లో జుట్టుకీ చర్మానికీ ఎక్సోసోములంటూ ప్రకటనలు కనిపిస్తున్నాయి కాబట్టి ఇది మనకు దూరం సంగతేం కాదు.

చిట్టెలుకల మాట కొత్తగా రాసే మొదటి పేరాలోకి తెచ్చి మళ్లీ పంపు. ఆదివారంలోగా అందితే చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు